అరువు కానుక

కిసుము రేవు వెనక, రేకుల కప్పు సగమే పడిన మా చర్చిలో
కానుకల సంచి తిప్పడం మానేసి రెండేళ్ళయింది.
వాక్యం రాసి ఉండే గోడ మీద ఇప్పుడు ఆరంకెలు.
నీలం రంగుతో నా చేత్తోనే రాశాను.
నిచ్చెన పట్టుకున్నది పాస్టర్ జబ్లోన్.

మొదట్లో నాకూ హాయిగానే ఉండేది.
లెక్క తప్పదు. చిరిగిన నోట్లు అతికించక్కర్లేదు.
ఎవరి చొక్కా గుండీయో సంచిలో నాణెంలా మోగదు.
పాట సాగుతూంటే నా జేబులో ఫోను
రేకు మీద చినుకు పడ్డట్టు టక్కుమనేది.
ఒక్కో చినుక్కీ ఒక పేరు, ఒక గంట, ఒక నిమిషం.
కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదని పెరిగినవాణ్ణి.
ఇప్పుడు రెండు చేతులకీ తెలుసు, నాకు తెలుసు,
నైరోబీలో ఏ అద్దాల మేడలోనో కూచున్న కంపెనీకీ తెలుసు.

పెనినా అకుము ఒమేనా అమ్ముతుంది.
చిటికెన వేలంత వెండి చేప. ఇసుక మీద వల పరిచి ఎండబెడతారు.
ఎండాక బరువుండదు, వాసనే దాని బరువు.
ప్రతి ఆదివారం పదీ ఇరవైకి
ఆమె నుంచి అయిదు వందల షిల్లింగులు.
ఆ టక్కు నాకు గుర్తే.

ఒక మంగళవారం సంతలో తన ఫోను నా చేతికిచ్చి
"మేష్టారూ, ఇదేదో చదివి పెట్టు, కళ్ళజోడు మరిచాను" అంది.
చదివాను.
నిలవ సున్నా.
సున్నా కింద ఇంకో గీత, గీత కింద అప్పు.
లేనిది ఫోనే సర్దుతుందట, రోజుకింత రుసుముతో.
మూడు నెలలుగా ఆమె దేవుడికిచ్చిందంతా
కంపెనీ చేబదులు.
చేపలమ్మిన డబ్బు పడీ పడగానే
ముందు కంపెనీ తన వాటా తీసుకుంటుంది.
అడగదు, తలుపు తట్టదు, కళ్ళు మూసుకోదు.
తొలి ఫలం ఎవరికి అందుతోందో
ఆ ఎండలో నాకర్థమైంది.

సొమ్మొకడిది, సోకొకడిది అంటారు.
ఈ సోకు ఎవరిది?
నా రశీదు పుస్తకానిదా?

బుధవారం అయిదు వందలూ ఆమెకి తిప్పి పంపాను,
పాస్టర్‌కి చెప్పకుండా.
గురువారం పొద్దున్నే నా వాకిట్లో నిలబడింది,
తల మీది తట్ట దించకుండానే.
"మనవడి యూనిఫాం అప్పుతో కొన్నాను, నువ్వడగలేదు.
మొక్కజొన్న పిండి అప్పుతో తెచ్చాను, నువ్వడగలేదు.
మా ఆయన శవపేటిక అప్పే,
దాని మీద చెయ్యేసి పాట కూడా పాడావు.
ఇచ్చేటప్పుడే ఈ చెయ్యి ఎవరిదని అడుగుతావేం?"

నా దగ్గర జవాబు లేదు.
నిజానికి ఒకటుంది, నోరు రాలేదు:
మన కప్పు కూడా బ్యాంకు అప్పే, పెనినా.
నెలనెలా పదో తారీకున వాయిదా.
నీ అయిదు వందలు
ఒక అప్పులోంచి లేచి ఇంకో అప్పులో మునుగుతాయి,
మధ్యలో ఒక్క క్షణం నా జేబులో టక్కుమని.
ఆ టక్కునే మనం ఆమెన్ అనుకుంటున్నాం.

రాత్రి పాస్టర్‌తో అన్నాను,
అప్పు చేసి ఇవ్వొద్దని వేదిక మీద ఒక్క మాట చెప్పమని.
ఆయన కప్పు వంక చూశాడు,
కప్పు లేని వైపు.
"చెబితే పని ఆగిపోతుంది. చెప్పకపోతే..."
టీ చల్లారిపోయిందన్నాడు.

ఆదివారం. పదీ ఇరవై. పదీ ఇరవై అయిదు.
ఫోను పలకలేదు.
అందరూ లేచాక నా బల్ల మీద ఏదో పెట్టి వెళ్ళిపోయింది.
పాత పేపరు పొట్లంలో పిడికెడు ఒమేనా.
పద్దు పుస్తకంలో దానికి గడి లేదు.
గీశాను. స్కేలు లేక గీత వంకరగా వచ్చింది.
పేరు రాయలేదు.

సోమవారం బ్యాంకులో క్యాషియరు పిల్ల
పుస్తకం తెరిచి, ముక్కు చిట్లించి,
మళ్ళీ వంగి వాసన చూసింది.
"ఇది ఏ ఖాతాలో వెయ్యను?"